అశోక్‌నగర్ నాలాలో నౌకావిహారం

హైదరాబాద్‌కు నాలాను మించిన వరం ఇంకొకటి లేదు!

ముక్కు మూసుకోకండి. ముందు చెప్పేది వినండి. నేను చిక్కడపల్లిలో పుట్టి, నారాయణగూడలో చదువుకుని, అశోక్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాడిని. ఈ ప్రయాణంలో స్నేహితులు తలో దిక్కూ పోయారు. సినిమా హాళ్లు ఫంక్షన్ హాళ్లయ్యాయి, ఇరానీ హోటళ్లు మొబైల్ షాపులయ్యాయి. నాలా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇంత నిలకడ మన రాజకీయ పార్టీల్లో ఎక్కడైనా చూశారా?

విదేశాల్లో ఊరి నడిమధ్య నుంచి నీళ్లు పారే నగరాలున్నాయట. మనవాళ్లు విమానాలెక్కి పోయి, అక్కడి బ్రిడ్జీల మీద నిలబడి ఫొటోలు దిగి, ఫేస్‌బుక్‌లో పెడతారు. మనకూ అవే నీళ్లు, అవే రెండు గోడలు, పైన అదే బ్రిడ్జి! కానీ మా బ్రిడ్జి మీద నిలబడి ఫొటో దిగే నాథుడు లేడు. ఎందుకండీ ఇంత చిన్నచూపు? నీళ్ల రంగు కొంచెం ముదురనా?

ఒకప్పుడు ఇది హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు అలుగు దుంకి పారే వాగు. దానికి రెండు పక్కలా గోడలు కట్టి నాలాగా ప్రమోషన్ ఇచ్చారు. ప్రమోషన్ వచ్చిన దగ్గర్నుంచి అది కూడా అందరి దగ్గరా అన్నీ తీసుకుంటోంది, ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు.

లాభాలు చెప్పమంటారా? మా ఇంటికి అడ్రసు అక్కర్లేదు. ఆటోలో కూర్చుని కళ్లు మూసుకున్నా దిగాల్సిన చోటు తెలిసిపోతుంది. చుట్టాల బాధ లేదు. వారం ఉందామని పెట్టె సర్దుకొచ్చిన మా బావమరిది వెనక కిటికీ తెరిచి, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. “మీ అక్కలొచ్చినప్పుడు మాత్రం ఆ కిటికీ మూసిపెడ్తరెందుకు?” అని మా ఆవిడ మనోరమ ఇప్పటికీ అడుగుతుంటుంది. అది వేరే విషయం.

ఇక దోమలు! అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు తెల్లవార్లూ ఎలా మేలుకుంటారనుకున్నారు? పట్టుదలతోనా? రాష్ట్రంలో సగం మంది ఆఫీసర్లను తయారు చేసింది కోచింగ్ సెంటర్లు కావండీ, మా నాలా దోమలు!

ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు వరం నౌకావిహారం. ఊరికే అనడం లేదు. నేను స్వయంగా చేసి వచ్చాను.

మా మేడ మీది గదిలో ముగ్గురు కుర్రాళ్లు కిరాయికి ఉండేవారు. ఉదయ్ కుమార్‌ది జనగామ అవతల పల్లె. అఖిల్‌ది హన్మకొండ. మూడోవాడు సిద్దిపేట కరుణాకర్, ఎస్సై పరీక్షకు బుర్రతో కాకుండా భుజాలతో తయారవుతున్నవాడు. రెండేళ్ల కిందటి డిసెంబర్‌లో ఉదయ్‌కూ అఖిల్‌కూ ఒక పెద్ద ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. అఖిల్‌కు ఇంకా వయసుంది. ఉదయ్‌కు అదే ఆఖరు. ఇంకో నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటిపోతుంది. ఊళ్లో వాళ్ల నాయన కురుమయ్య అప్పటికే కొడుకును ‘మా ఆఫీసర్’ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ మాట నిజం కాకపోతే ఊరికి ఏ ముఖం పెట్టుకుని పోవాలన్నదే వాడి దిగులు.

ఇంటర్వ్యూ అంటే చదువు ఒక్కటే చాలదు. హాబీ కూడా ఉండాలి! మా అశోక్‌నగర్ పిల్లలకు హాబీ ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున లైబ్రరీ, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం చాయ్, రాత్రి బిట్లు. అందుకే రాతపరీక్ష పాసైనవాళ్లు మొట్టమొదట చేసే పని హాబీ వెతుక్కోవడం. పెళ్లి కుదిరాక పట్టుచీర వెతుక్కున్నట్టే.

కోచింగ్ సెంటర్ శ్రీపతి సార్ క్లాసులో గట్టిగా చెప్పాడట. “పుస్తకాలు చదువుడు, పాటలినుడు అని రాస్తే బోర్డోళ్లు ఆవులిస్తరు. ఎవ్వడు రాయనిది రాయుండ్రి. వాళ్లు పది నిమిషాలు దాని మీదనే అడగాలె.”

చేతిలో కెమెరా ఫోను ఉంది కనుక అఖిల్ ఫొటోగ్రఫీ అని రాశాడు. ఉదయ్ బాగా ఆలోచించి ‘పడవ నడపడం’ అని రాసి, బయోడేటా పంపించేసి, అప్పుడొచ్చి నాకు చెప్పాడు!

“పడవనా? జిందగీల ఎప్పుడన్న ఎక్కినవా?” అన్నాను.

“లేదు సార్. క్లాసుల ఎవ్వరు రాయలే. జర డిఫరెంట్ ఉంటదని రాసిన.”

“మీ ఊళ్లె చెరువున్నదా?”

“ఉన్నది సార్. నీళ్లు లేవు.”

ఉత్తుత్తి ఇంటర్వ్యూలో శ్రీపతి సారే బోర్డయి కూర్చుని అడిగాడట. పడవ ఏడ నడుపుతవ్? తెడ్డు ఎట్ల పడ్తవ్? ఎదురుగాలి కొడితే ఏం జేస్తవ్? ఉదయ్‌కు డిసెంబర్ చలిలో చెమటలు పట్టాయి. “అబద్ధం దొరికిందంటే ఖేల్ ఖతం. ఒక్కపారన్న నడిపిరా పో” అని సార్ పంపించేశాడు.

హుస్సేన్‌సాగర్‌కు పోవచ్చు కదా అంటారా? అక్కడ టికెట్టు కొని ఎక్కితే వాళ్లే నడుపుతారు, తెడ్డు మన చేతికివ్వరు. తెడ్డు చేతికిచ్చే క్లబ్బులో మెంబర్ కావాలంటే ముందే ఆఫీసరై ఉండాలి. ఆఫీసర్ కావాలంటే పడవ నడపాలి. పాపం, పిల్లవాడు ఎటు పోతాడు?

అప్పుడు మెరిసింది నా బుర్ర. “హుస్సేన్‌సాగర్ కాడికి మనం పోవుడెందుకురా? హుస్సేన్‌సాగరే మన ఇంటెనకకు వస్తున్నది గద!”

ముషీరాబాద్ పంక్చర్ షాపు నుంచి రెండు లారీ ట్యూబులు వచ్చాయి. వాటి మీద మా పాత స్నానాల గది తలుపు కట్టాం. తలుపు చిల్లుల్లోంచి నీళ్లు రాకుండా ఎవరో గల్లీ లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ పరిచాం. అందులో ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఇంకెక్కడా చోటు లేక ఆయన ముఖం మీదే కూర్చోవాల్సి వచ్చింది. ప్రజాస్వామ్యంలో సామాన్యుడికి ఇలాంటి అవకాశం ఎన్నాళ్లకోసారి వస్తుంది చెప్పండి!

ఇక తెడ్లు. పిల్లలు తినే మెస్‌లో మాసమ్మ గుండిగలో అన్నం కలిపే చెక్క తెడ్లు రెండున్నాయి. అడిగితే ఇవ్వదు కనుక మేము అడగలేదు.

రోజు కూడా మంచిది చూసుకున్నాం. తెలంగాణ బంద్. షాపుల్లేవు, బస్సుల్లేవు, పోలీసులంతా చౌరస్తాల్లో ఉన్నారు. నగరంలో బంద్ నాడు కూడా ఆగకుండా నడిచే సర్వీసు నాలా ఒక్కటే! పైగా చలికాలం. ఎండ కాసేదాకా నాలా వాసన కూడా ముసుగుతన్ని పడుకుంటుంది.

మనోరమ వాకిట్లో నిలబడి నా లుంగీ, మెడకు చుట్టుకున్న మఫ్లరూ చూసింది. “పెండ్లయిన కాడికెల్లి ట్యాంక్‌బండ్ మీద పడవ ఎక్కియ్యమంటే ఎక్కియ్యకపోతిరి. ఇయ్యాల పోరగాండ్లతోటి మోరీల తిరుగుతరా? ఇంట్లకు అడుగు వెట్టెముందు బయటనే తానం చెయ్యాలె, చెప్తున్న.”

నాలా గోడకున్న మెట్ల మీది నుంచి పడవ దించాం. ముందు ఉదయ్, వెనక కరుణాకర్, నడుమ కెప్టెన్‌గా నేను. అఖిల్ దిగలేదు. ఫొటోగ్రాఫర్ దూరంగా ఉంటేనే ఫొటో బాగా వస్తుందట. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని బ్రిడ్జి మీద నిలబడ్డాడు.

ఉదయ్ మొదట తెడ్డును మాసమ్మ తిప్పినట్టే తిప్పాడు. పడవ కూడా గుండిగలో అన్నంలా ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. పైనుంచి అఖిల్ “అన్నా, జర నవ్వుండ్రి!” అని అరిచాడు. కాసేపటికి ఒకడు కుడివైపు, ఒకడు ఎడమవైపు వేయాలని కరుణాకర్ కనిపెట్టాడు. అంతే, కదిలింది!

ఆహా, ఏం దృశ్యాలు! అశోక్‌నగర్‌లో ఇన్నేళ్లుండి కూడా నేను ఇళ్ల ముఖాలే చూశాను, వీపులు ఆ రోజే చూశాను. ముందు గ్రానైటు మెట్లు, ఇత్తడి నేమ్‌ప్లేటు ఉన్న ప్రతి ఇంటికీ వెనక ఒక పైపు. ఎంత పెద్దమనిషికి అంత లావు పైపు! హిమాయత్‌నగర్ షోరూముల్లో అద్దాల వెనక చూసినవన్నీ ఇక్కడ చేత్తో ముట్టుకునేంత దగ్గర్లో ఉన్నాయి. సోఫా సెట్టు, పరుపు, ఫ్రిజ్ తలుపు. ఒకచోట కరెంట్ అఫైర్స్ పుస్తకాల కట్ట ఒకటి ఎదురొచ్చింది. ఉదయ్ వంగి చూసి “గిది మన సెంటర్‌దే సార్. దీంట్ల జవాబులు సగం తప్పు” అన్నాడు.

మెల్లగా వాడికి పట్టు దొరికింది. తెడ్డు వేస్తే పడవ ముందుకు పోతోంది, ఆపితే ఆగుతోంది. “వస్తున్నది సార్! నాకు వస్తున్నది!” అని చిన్నపిల్లవాడిలా అరిచాడు. గదిలో చేరిన దగ్గర్నుంచి వాడు పళ్లు కనబడేట్టు నవ్వడం నేను చూడలేదు. నవ్వుతున్నది నాలాలోనైతేనేం? నాకు నిజంగా సంతోషమైంది.

నారాయణగూడ వైపు మలుపు తిరిగాక ఒక వింత చూశాం. అప్పటిదాకా నిటారుగా వచ్చిన కాంక్రీటు గోడ ఠక్కున ఆగిపోయింది. ఒక ఇంటి మేర ఖాళీ. మళ్లీ గోడ మొదలు. ఆ ఖాళీలో ఒక రేకుల ఇల్లు, దాని ముందు గిన్నెలు తోముతున్న ఒక ముసలమ్మ. సరిగ్గా అక్కడే మా పడవ ఒక పరుపుకు తట్టుకుని నిలిచిపోయింది.

“ఎవలు బిడ్డా మీరు? గీ మోరీల ఏం వోగొట్టుకున్నరు?” అంది ఆమె.

“ఏం లేదవ్వా. పడవ నేర్చుకుంటున్న. ఇంటర్వ్యూ ఉన్నది” అన్నాడు ఉదయ్.

“ఏం నౌకరి? గీ మోరీ తీసే నౌకరా?”

“కాదవ్వా. ఆఫీసర్.”

ఆమె చేతిలో గిన్నె కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత బట్టలారేసే దండెం తాడు విప్పి మా వైపు విసిరింది. అందరం కలిసి లాగితే పడవ ఒడ్డుకు చేరింది. ఆమె పేరు లక్ష్మవ్వ. స్టీలు గ్లాసుల్లో చాయ్ ఇచ్చింది. నాలా మీద ఎంత గౌరవమున్నా నాలా ఒడ్డున చాయ్ తాగేంత గౌరవం నాకింకా అలవడలేదు కనుక నేను వద్దన్నాను. ఉదయ్ తాగాడు.

“అవ్వా, గోడ ఈడ ఎందుకాపిండ్రు?” అని అడిగాడు.

“నన్నడుగుతవేంది బిడ్డా? మీ వంతు ఇంక రాలేదన్నరు, పోయిండ్రు. మునుపు వానకాలం నీళ్లు అందరిండ్లల్లకు జరంత జరంత వచ్చేటియి. ఇప్పుడు అందరికి గోడలాయె. అందరి నీళ్లు నాకే వస్తున్నయ్.”

లోపలి గోడ మీద తడి చార చూపించింది. అది ఆమె తలకన్నా పైన ఉంది. “మొన్న వానలప్పుడు నా మనుమరాల్ని తలుపు మీద కూసోవెట్టి నూకుకుంట తీస్కవోయిన. మీరు గూడ తలుపు మీదనే వచ్చిండ్రు. మంచిగనే ఉన్నది మీ తలుపు.”

తిరిగి వచ్చేటప్పుడు ఉదయ్ ఆ ఖాళీ వైపే తిరిగి తిరిగి చూశాడు. నేనే వాడికి నచ్చజెప్పాను. ఆమె ఎంత అదృష్టవంతురాలో చూశావా? పడవ ఎక్కడానికి గడప దాటే పని కూడా లేదు! బయటి దేశాల్లో ఇలాంటి ఇంట్లో ఒక రాత్రి పడుకోవడానికి టూరిస్టులు క్యూ కడతారు! వాడు నవ్వలేదు. ఈ కాలం పిల్లలకు హాస్యం తెలియదు.

ఆ సాయంత్రం మాసమ్మ తన తెడ్లు చూసింది, వాసన చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది. కొత్త తెడ్ల కోసం బంద్ అయిపోయాక నేనే సుల్తాన్ బజార్ పోవాల్సి వచ్చింది. అవి వచ్చేదాకా మెస్‌లో పెరుగు తప్ప ఎవరూ ఏమీ ముట్టుకోలేదు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. శ్రీపతి సార్ చెప్పినట్టే బోర్డు హాబీ దగ్గరే ఆగింది.

“పడవ నడుపుతారా? ఎక్కడ?”

“అశోక్‌నగర్ నాలాలో సార్.”

బోర్డంతా హాయిగా నవ్విందట. నిజం చెప్పి బోర్డును నవ్వించిన మొదటి అభ్యర్థి మా ఉదయే అయి ఉండాలి. నవ్వు తగ్గాక ఒక పెద్దాయన అడిగాడు. “సరే, ఆ నాలాను మీకు అప్పగిస్తే ఏం చేస్తారు?”

దీనికి శ్రీపతి సార్ దగ్గర తయారు జవాబుంది. సమగ్రం, సుస్థిరం, ప్రజల భాగస్వామ్యం అనే మూడు మాటలు ఎక్కడో ఒకచోట పడాలి. ఉదయ్ అవన్నీ కంఠతా పట్టినవాడే. కానీ వాడి నోట్లోంచి వచ్చింది వేరు. “ముందుగాల లక్ష్మవ్వ ఇంటి కాడ ఆపిన గోడ కడ్త సార్.”

“ఆ తర్వాత?”

“మనందరం ఒకపారి పడవల కూసోని పోదాం సార్. మీరు గూడ రావాలె.”

బోర్డు నవ్వడం ఆపేసింది.

అఖిల్‌నూ అదే ప్రశ్న అడిగారట. వాడు ప్రింటు తీయించుకున్న మా పడవ ఫొటో ముందుపెట్టి, నాలా అంటే ప్రపంచస్థాయి సుందరీకరణకు ఎదురుచూస్తున్న జలమార్గం అన్నాడు. మూడు మాటలూ పడ్డాయి. ఫలితాల్లో అఖిల్ పేరుంది. ఉదయ్ పేరు లేదు.

ఎంత సరైన తీర్పు! నాలాను బాగుచేయాల్సినవాడు నాలాలో దిగినవాడైతే ఎలాగండీ? ఒక ఇల్లు, ఒక గోడ, ఒక ముసలమ్మ అంటూ అక్కడే ఆగిపోతాడు. బ్రిడ్జి మీద నిలబడ్డవాడికైతే అంతా ఒకే చూపులో కనిపిస్తుంది. కర్చీఫ్ కట్టుకుంటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉదయ్ మాత్రం ఈ సంగతి అర్థం చేసుకోలేక మేడ మీద గది తలుపేసుకుని పడుకున్నాడు. ఊరి నుంచి కురుమయ్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. మనోరమ తిండి పళ్లెం పట్టుకుని మూడుసార్లు మెట్లెక్కి దిగింది.

ట్రైనింగు పూర్తయ్యాక అఖిల్‌కు మా ఏరియా సుందరీకరణ పనే దొరికింది. మా బ్రిడ్జికి రెండు వైపులా ఏనుగెత్తు రేకులు లేచాయి. రేకుల మీద నీలిరంగు నీళ్లు, తామరలు, హంసలు. నడుమ ఒక పడవ, అందులో ముగ్గురు! చూద్దును కదా, మేమే! అఖిల్ తన ఫొటోనే పెయింటర్‌కు ఇచ్చాడు. తెడ్లకు బంగారు రంగు వేశారు. నా బట్టతల మీద ఒత్తుగా జుట్టు గీశారు. అందుకు వాడికి ఎన్నిసార్లు కృతజ్ఞతలు చెప్పినా చాలదు.

ఇప్పుడు నాలా కనిపించదు. వాసన మాత్రమే వస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియక కొత్తగా వచ్చినవాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు.

రిబ్బన్ కత్తిరించిన రోజు అఖిల్‌ను పక్కకు పిలిచి అడిగాను. “మరి లక్ష్మవ్వ గోడ?”

“అది వేరే వింగు అంకుల్. సుందరీకరణ కిందికి రాదు. ఆమె ఇల్లు రోడ్డు మీదికెల్లి కనవడదు గద.”

రోడ్డు మీదికి కనబడనిదంతా మొన్నటి వానకు అందరికీ కనబడింది. ఒక్క పూట దంచికొట్టేసరికి హంసల రేకుల వెనక నాలా పొంగింది. మాకు గోడలున్నాయి కనుక మేము కిటికీల దగ్గర నిలబడి పకోడీలు తిన్నాం. ఊరికి పోలేక ఇంకా మా మేడ మీదే ఉంటున్న ఉదయ్ మాత్రం మెట్ల కింద పడేసిన ట్యూబుల పడవను బయటికి లాగాడు. కరుణాకర్ అప్పటికే ఎస్సై అయి వేరే జిల్లాకు పోయాడు. తెడ్ల కోసం ఉదయ్ మెస్‌కు పోతే ఈసారి మాసమ్మే ఎదురొచ్చింది. “తీస్కపో బిడ్డా. ఈసారి నేనే ఇస్తున్న. జర పైలం” అంది. నేను వస్తానన్నాను. మనోరమ నా వైపు కూడా చూడకుండా నా మఫ్లర్ తీసి వాడి నడుముకు కట్టింది.

వాడు నీళ్ల మీద ఉన్నప్పుడే అఖిల్ నా ఫోనుకు చేశాడు. “అంకుల్, ఉదయన్న ఉన్నడా? ఆ పడవ ఇంక ఉన్నదా? మా తాన పడవలున్నయి గని, నడిపెటోళ్లు లేరు.”

ఉదయ్ తిరిగొచ్చేసరికి తలుపు మీద లక్ష్మవ్వ, ఆమె ఒళ్లో మనుమరాలు ఉన్నారు. వాళ్ల కింద ఫ్లెక్సీలో లీడర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. లక్ష్మవ్వ మనోరమ ఇచ్చిన చీర కట్టుకుని, మా వరండాలో కూర్చుని చాయ్ తాగింది. ఈసారి నేను కూడా తాగాను. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, నాలా ఎంత గొప్ప వరమో ఆమెకు కూడా వివరించాను. మీకిప్పటిదాకా చెప్పినవన్నీ చెప్పాను. ఆమె ఓపికగా విని గ్లాసు కింద పెట్టింది.

“గంత మంచిదైతె పెద్దోళ్లు మనకెందుకు ఇడుస్తరు సారూ?”

నేను లేచి వెళ్లి, మా అక్కలొచ్చినప్పుడు మూసినట్టే, వెనక కిటికీ మూసి వచ్చాను. 

వయసు పరిమితి ఇంకో ఏడాది పెంచుతారని అశోక్‌నగర్‌లో పుకారు లేచింది. ఉద్యోగాలివ్వడం కంటే వయసు పెంచడం తేలిక కదా! ఉదయ్ మళ్లీ లైబ్రరీకి పోతున్నాడు. నోటిఫికేషన్ రాకముందే హాబీ కూడా తయారు చేసి పెట్టుకున్నాడు. ఈసారన్నా పుస్తకాలు చదువుడు అని రాయమని శ్రీపతి సార్ బతిమాలుతున్నాడట. వీడు మాత్రం పడవ నడపడం అనే రాస్తానంటున్నాడు.

“ఇప్పుడైతె అబద్ధం గాదు గద సార్” అన్నాడు నాతో.

“మంచిదే. మళ్ల ఏడ నడుపుతవ్ అని అడిగితె ఏం జెప్తవ్?”

“లక్ష్మవ్వ ఇంట్ల అని చెప్త.”